హద్దులు

కొల్లాపురంల రిజిస్ట్రాఫీసు ముంగట
ఇరవై ఆరేండ్ల సంది దస్తావేజులు రాస్తున్న.
పోయేవాళ్ల మాటల్ని పోకముందే
స్టాంపు కాగితం మీద కూసోబెట్టుడు నా పని.

పల్లికాయలమ్మే ఈదమ్మ వచ్చింది,
కొంగుముడిల ఆధారు కార్డు, వక్క, చిల్లర.
"ఇల్లు మా చెల్లె బిడ్డకు రాయి.
బస్టాండు కాడి షట్టరు మాత్రం
చిందోళ్ల మేళానికి రాయి."

కలం ఆగింది.
"మేళానికంటే చెల్లదమ్మా, పేరు గావాలె.
తండ్రి పేరు, వయసు, సాకిన్."
"ఆ రాత్రి మద్దెల ఎవడు కొడితే వాని పేరు."
"చట్టానికి రాత్రి తెలువదు" అన్న.
ఆమె నవ్వలేదు.

నలభై ఏండ్లు ఆట అంచుకే కూసున్నదట,
గంపల బుడ్డి పెట్టుకొని.
ఆట మంచిగ నడిస్తే బేరముండదు,
జనం నోళ్లు తెరిచి నమలుడు మరుస్తరు.
వేషగాడు మాట తప్పితేనే
పల్లీలు యాదికొస్తయి.
"అప్పుడు నాకు పైసలొస్తయి సారూ,
పాణం మాత్రం సిన్నబోతది."

కిరాయి నెలకు మూడువేల రెండొందలు.
హార్మోనియం మెట్లకు, అర్దళానికి,
తెల్లారి మొఖం కడుక్కునే కొబ్బరినూనెకు.
ఆడపిల్ల ఎవరన్న నేర్సుకుంటనంటే, గజ్జెలకు.
"తాగి పోగొడితే?" నేనే అడిగిన.
"తాగనీ. కోడి కూసేదాక నిలబడి పాడినోడు
ఒక గిలాస తాగితే నాదేం పోయింది?
ఆట ఎగ్గొట్టొద్దని రాయి, గంతే."

ఆఖరికి ట్రస్టు అని సర్దిన.
మేళం పెద్ద బాలపీరు, బడి పంతులమ్మ ఫర్జానా,
మూడో పేరు దొరకక నాది.

షెడ్యూలు కాడికొచ్చినం.
"చెక్కుబందీ చెప్పు" అన్న, షట్టరుకు.
ఆమె ఆటకు చెప్పింది.
తూర్పుకు తెర. పడమటికి నా గంప.
దచ్చినానికి బొంతలల్ల నిద్రపోయిన పోరగాండ్లు.
ఉత్తరం?
"అటు ఏం రాయకు.
జనం ఇంకా వస్తుండేది అటు నుంచే గదా."

ఖాళీ హద్దుకు ఆఫీసరు సంతకం పెట్టడు.
ఇంకో కాగితం రాసి, కొలిచిన గోడలు పెట్టి
వేలిముద్ర తీసిన.
మొదటిది చింపబుద్ధి గాలేదు, సొరుగుల ఉన్నది.
ఫీజంటే, రెండు దోసిళ్ల పల్లీలు
టేబులు మీద పోసి పోయింది.

ఐతారం పెద్దకొత్తపల్లిల ఆటున్నదట.
మూడో ట్రస్టీని, పోవాలె.
పోతే ఆమె తాన
పల్లీలు కొనాల్నో వద్దో
తెలుస్తలేదు.