నా పూర్తి ఇష్టంతో

నాంపల్లి కోర్టు ఎదురు సందుల
మెట్ల కింద మా దుకాణం.
ఒక కంప్యూటరు, ప్రింటరు, ఎండిపోయిన స్టాంపు ప్యాడు,
ఒక కాలు పొట్టిదైన స్టూలు,
నేను.

సోమవారం పొద్దున షట్టరు సగమే లేపి
కిందికెళ్లి తల పెట్టి చెప్పిండు దశరథ్ సేటు:
"ఖలీల్ సాబ్ ఇగ రాడు, చేతులు వణుకుతున్నయట.
ఆయన సెట్టింగులు తీసేసి
నీకెట్ల కావాల్నో అట్ల పెట్టుకో ఆండాలూ."

నాకెట్ల కావాల్నో.
పదకొండేండ్ల సంది జిరాక్సులు తీసిన,
పిన్నులు కొట్టిన, ఇరానీ హోటలు నుంచి చాయ్ మోసిన.
చక్కెర ఎంతెయ్యాలని గూడ
నన్నెవరూ అడగలే.

మెనూ నొక్కితే కిటికీ తెరుచుకుంది.
'సాధారణ ప్రాధాన్యతలు' అని పైన పేరు.

మొదటి ప్రశ్న కొలతలది.
అంగుళాలా, సెంటీమీటర్లా, పాయింట్లా, పైకాలా?
నోటరీ వీరమల్లయ్యేమో
"పైన నాలుగు వేళ్లు వదులమ్మా, ముద్ర పడాలె" అంటడు.
వేళ్లు ఆ జాబితాల లేవు.
సెంటీమీటర్లు నొక్కి
తెర మీద నా నాలుగు వేళ్లు ఆనించి చూసుకున్న.

ఎన్ని నిమిషాలకోసారి దాచి పెట్టాలె?
పది అని ఉంది.
పది నిమిషాలంటే ఈ సందుల
ఒక కిరాయి కాయితం,
లేకుంటే సగం విడాకులు.
పోయిన ఎండకాలం కరెంటు పోయి
ఒకామె తన పెండ్లి సంగతంతా
మళ్ల మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది.
రెండోసారి చెప్పేటప్పుడు
ఆమె ఏడ్వలే.
రెండు నిమిషాలు పెట్టిన.

తప్పుల కింద ఎర్రగీత ఉండాలె, అది సరే.
కని ఖలీల్ సాబ్ మిషన్‌కు నేర్పిన మాటల చిట్టా ఒకటి బయటపడ్డది.
మల్లేపల్లి, ఆగాపురా, ధూల్‌పేట, ఖబాలా, ముచ్చల్కా,
ఈ బస్తీల పేర్లు, ఈ మనుషుల ఇంటిపేర్లు,
నాలుగు వందల పన్నెండు.
వాటి నడుమ ఒకటి: 'ప్రమణపత్రం'.
దీర్ఘం లేదు.
ఏ మధ్యాహ్నమో కునుకు పట్టి
తప్పును తీస్కపోయి ఒప్పులల్ల కలిపిండు ముసలాయన.
అప్పటి సంది ఎన్ని ప్రమాణాలు
దీర్ఘం లేకుండనే జడ్జి ముందర నిలబడ్డయో!
ఒక్కటి గూడ కొట్టుడువడలే.
నవ్వొచ్చింది. ఆ ఒక్కటి తీసేసిన,
తీసినంక కొంచెం బాధైంది.

తర్వాత పొట్టి మాటలు.
రెండక్షరాలు కొట్టి స్పేసు నొక్కితే
మిషనే వాక్యం నింపుతది.
'వా' అంటే వాయిదా కోరుతూ సవినయంగా.
'పై' అంటే పైన తెలిపిన షెడ్యూలు ఆస్తి.
'ఇష్' అంటే
'నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా'.

ఇదే గదా రోజుకు ఇరవైసార్లు నేను వినే స్పేసు చప్పుడు,
ఆయన వెనక స్టూలు మీద కూసొని.
తమ్ముని పేర వాటా వదులుకునే అక్కలు
సంతకం కంటె ముందు
తమ్ముని మొఖం దిక్కు చూస్తరు.
అప్పటికే వాక్యం అచ్చయి ఉంటది.

'తొలగించు' మీద బాణం పెట్టి
చాయ్ చల్లారేదాక ఆగిన.
తీస్తే రోజుకు ఇరవైసార్లు చేత్తోనే కొట్టాలె,
మణికట్టు గుంజుతది,
సేటు గులుగుతడు.
తీసేసిన.

వాడుకరి పేరు గడిల ఇంకా ఖలీల్ సాబే ఉన్నడు.
అది రేపు చూద్దం.

పదకొండున్నరకు ఇద్దరొచ్చిన్రు.
అతను కాయితాలు ముందరేసి
"అర్జెంటు" అన్నడు. ఆమె తలుపు దగ్గర్నే నిలబడ్డది.
అలవాటు కొద్దీ 'ఇష్' కొట్టి స్పేసు నొక్కిన.
'ఇష్' అట్లనే ఉండిపోయింది,
కింద ఎర్రగీత ఏసుకొని.

"ఏమైంది?" అన్నడతను.
"జర టైం పడ్తది" అన్న.
స్టూలు ఆమె దిక్కు జరిపిన.
పొట్టి కాలు కింద మడిచిన కాయితం పెట్టిన.
"కూసో అక్కా. పేరు నువ్వే చెప్పు."