రాళ్ళకు నీళ్ళు

ఓస్ట్రావాలో ఐదో అంతస్తు, అద్దాలు బిగించిన బాల్కనీ.
ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గుగనిలో రాయి పగలగొట్టిన మనిషి
ఇంటికొచ్చి రాళ్ళు పెంచాడు.
పెళ్ళయిన కొత్తలో
పెరుగు డబ్బా మూతలో మూడు గులకరాళ్ళు పెట్టి
"ఇవి బతికున్నాయి, లిబుషా" అంటే
నవ్వాను.

దక్షిణాఫ్రికా నుంచి
ఇసుక కంటే సన్నటి విత్తనాలు ఉత్తరాల మడతల్లో వచ్చేవి.
మేం సరిహద్దు దాటాలంటే
ఎవరెవరో సంతకాలు పెట్టాల్సిన రోజులవి.
విత్తనాలను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు రెండు వందల పన్నెండు కుండీలు.
బూడిద రంగు, గోధుమ రంగు, మాడిన రొట్టె రంగు.
ఒక్కోటీ మేకపిల్ల గిట్ట: రెండు ముక్కలు, నడుమ చీలిక.
అలమర తలుపు లోపల ఆయన అంటించిన చీటీ.
నవంబరు నుంచి ఏప్రిల్ దాకా
ఒక్క చుక్క పోయొద్దు, ఎంత జాలేసినా.
"ఎంత జాలేసినా" కింద రెండు గీతలు.
ఆ గీతలు నాకే.

ఫిబ్రవరిలో పోయాడు.
మార్చిలో అవి ముడతలు పడ్డాయి,
ఆసుపత్రిలో నేను పట్టుకు కూర్చున్న చేయిలాగే.
ఎవరొచ్చినా ముందు సూపు వడ్డించే చేయి నాది,
ఊరుకుంటుందా?
టీ కెటిల్‌తో పోశాను.
పది రోజుల్లో పదిహేడు కుండీలు
ఉడికిన ఉల్లిపాయల్లా మెత్తబడి కూలాయి.

గనిలో ఆయన జతగాడు వ్రాటిస్లావ్ వచ్చి చూశాడు.
తిట్టలేదు.
మిగిలినదాన్ని ఒకటి తీసి
ఎండిన పొర గోటితో కాస్త తెరిచాడు.
లోపల, పచ్చగా, కొత్త జత.
"పాత ఆకుల నీళ్ళు తాగే ఇది పెరుగుతుంది.
పాతది ఎండాలి. ఎండనివ్వు."
అని, రెండు గిన్నెల సూపు తాగి వెళ్ళాడు.

గుండె రాయి చేసుకో అన్నారందరూ, సమాధి దగ్గర.
ఏ రాయో
ఎవరూ చెప్పలేదు.

నేను పోసిన నీళ్ళకు మట్టిలో చిన్న ఈగలు పుట్టాయి.
అవి వంటింటి కిటికీకి ఎగిరి
అక్కడున్న జిగురు మొక్క మీద వాలాయి.
ఎర్రటి వెంట్రుకలు, కొస కొసనా తేనెలాంటి అబద్ధం.
ఆకు నింపాదిగా మడిచి, రెండు రోజులు తింటుంది.
దానికి మాత్రం పళ్ళెంలో ఎప్పుడూ వాననీళ్ళు ఉండాలి,
కొళాయి నీళ్ళు పడవు.
జాలి ఆగనప్పుడల్లా ఆ పళ్ళెం నింపుతున్నాను.
ఈగల మీద జాలి లేదు.

అక్టోబరులో, మధ్యాహ్నం మూడు దాటాక,
ఒక చీలిక లోంచి పసుపు పువ్వు, రాయి కంటే పెద్దది.
ఆ పూట భోజనం చల్లారిపోయింది.

నిన్న ఆయన కోటు జేబులో అగ్గిపెట్టె దొరికింది.
పుల్లల్లేవు, ఎండిన విత్తనకాయలున్నాయి.
మూత మీద పెన్సిల్ రాత: చెంచాతో ఒక్క చుక్క.
వేశాను.
కాయ నక్షత్రంలా విచ్చుకుంది.
ఎండగానే ముడుచుకుంది.
మళ్ళీ వేశాను.
మళ్ళీ విచ్చుకుంది.
వీధి దీపాలు వెలిగేదాకా
అదే పని.