పడుగు కోత

ఎంజీఎంల చర్మం వార్డు, పదకొండో మంచం.
ఆడెపు రాజలింగం, కొత్తవాడ, దర్రీల మగ్గం.
తొడల మీద ముంజెల లెక్క బిగిసిన నీటిబుగ్గలు.
"యాడ కాలిందే?" అని అడగనోడు లేడు.
నిప్పు తాకలే.

సూక్ష్మదర్శినిల చూసిన:
పైపొర లేచింది, కిందిది అట్లనే ఉన్నది.
నడుమ తెల్లకణాలు—
ఒళ్లే రాసిన తప్పు చిట్టీ పట్టుకొని వచ్చిన కూలీలు,
చేతులల్ల ఎంజైముల కత్తెర్లు.
పొరను పొరకు కట్టిన పోగులను
ఒక్కటొక్కటే తెంపుతున్నరు,
శ్రద్ధగ, నమ్మకంగ.

చెప్పిన.
కట్టు కట్టిన చేతిని అటిటు తిప్పి చూసుకొని
"పడుగు కోసేటోడు బయటోడైతే తలుపేసుకుందు" అన్నడు.
జరసేపాగి,
"కత్తెర మొద్దుబారే మందుందా బిడ్డా?"

ఉన్నది. పొద్దుగాల ఒకటి, మాపటికొకటి.
తెగిన పోగు ముడేసేది మాత్రం
చిట్టీ రాసిన
ఆ ఒళ్లే.