పద్నాలుగో నిబంధన

ఆర్క్నీ దీవుల్లో గాలి, మూడో రోజు.
కేబుల్ ఎక్కడో తెగింది.
క్లినిక్ తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి.

పద్నాలుగో నిబంధన ఇజ్బెల్ రెండాల్‌కి కంఠతా వచ్చు:
యంత్రాలు బోర్డువి,
నమోదుల బాధ్యత క్లినిక్‌ది.
కుండ వాళ్లది. నీళ్లు కారితే పూచీ మనది.

తెల్లవారుజామున మూడూ పదికి
పీతలు పట్టే ఎర్లెండ్ వచ్చాడు, అరచెయ్యి చీరుకుని.
ఏడు కుట్లు. పెన్సిలిన్ పడదు.
పడవల టైంటేబుల్ వెనక పెన్సిల్‌తో రాసింది,
‘పడదు’ కింద రెండు గీతలు.

శుక్రవారం లైను వచ్చింది.
ఎక్కించింది.
యంత్రం తనకు తెలిసిన తేదీ వేసుకుంది:
శుక్రవారం, పదకొండూ నలభై.
మార్చే అనుమతి లేదంది.

కాగితం చింపెయ్యాలి, అదీ నిబంధనే.

ఇజ్బెల్ దాన్ని మడిచి
కోటు లోపలి జేబులో పెట్టుకుంది,
రద్దయిన పడవల వెనక
ఒక మనిషికి నెత్తురు ఆగిన వేళ.