రాత్రి వాటా

గుడిమల్కాపూర్ పూల మండీల నేను చిట్టీలు రాస్త.
రాత్రి పదికి పోతే
ఆఖరి బంతిపూల లారీ ఖాళీ అయ్యేసరికి
తెల్లారి ఐదున్నర.
మధ్యల రెండింటికి ఒక అర్ధగంట
కాంటా పక్కన గోనెసంచి పరుచుకొని
జేబుల నుంచి తీస్త, అరచేతంత గేమ్.
జగదీశ్ మార్కెట్ల పాతది కొన్న.
మూల మీద గీత, ఎడమ మీట కొంచెం జిగురు.

అందుల ఒక దీవి ఉంటది.
ఆ దీవికి మన గడియారమే.
మనకు రెండైతే దానికీ రెండే.
మనకు మబ్బు పట్టినా దానికి పట్టదు, అది వేరే సంగతి.
నేను పోయినప్పుడల్లా
తలుపులన్నీ గడియ వేసుంటయ్.
రేవుల పడవ తాడు కదులుతుంటది.
దీపస్తంభం ఒక్కటే మెడ తిప్పి తిప్పి చూస్తది.
ఆర్నెల్ల సంది ఆడుతున్న,
ఒక్క మనిషి మొఖం చూడలే.

పొద్దున ఆరింటికి ఇంటికొచ్చి
దాన్ని అక్క కొడుకు చేతుల పెడ్త.
మణిచరణ్‌కు తొమ్మిదేండ్లు.
నా రాత్రి వాటా అయిపోయింది, ఇగ వాని పగటి వాటా.
నేను పండుకోబోతుంటే చెప్తడు:
"మామా, రొట్టెల దుకాణం ఓర్లా లేదా,
ఇయ్యాల ఎర్ర రుమాలు కట్టింది."
"నాకెట్ల ఎరుక? నేను పోతే
ఆమె కిటికీల నీలం దీపం తప్ప ఏముంటది?"
"నీలం దీపమా!" అంటడు వాడు,
నా దగ్గర ఏదో మస్తు ఆస్తి ఉన్నట్టు.

కొండ వెనక ఒక పువ్వు ఉంది.
రాత్రి రెండింటికి విప్పుకొని నాలుగింటికి ముడుచుకుంటది.
వాడు పోయినప్పుడు మొగ్గే.
ఎన్ని దినాలు నిలబడ్డడో దాని ముంగట,
నీళ్లు కూడా పోసిండట.
గడియారం ముందుకు జరుపు మామా, అన్నడు ఒకనాడు.
జరపొచ్చు. రెండు మీటలు నొక్కితే ఐపోతది.
నేను జరపలే.
మండీల మల్లె తెల్లారేలోపు అమ్ముడుపోవాలె,
పదింటికి అదే మల్లెకు ధర అడిగేటోడుండడు.
గంట విలువ ఏందో కాంటా మీద చూసినోన్ని,
ఎట్ల జరుపుత?

బతుకమ్మ వచ్చింది.
తంగేడు, గునుగు, బంతి, మళ్ల బంతి.
మూడు రోజులు మండీ విడిచి కదల్లే,
ఖదీర్ సేట్ తెప్పించిన లుఖ్మీల మీదనే గడిచింది.
వాడు తల్లితోని పరిగికి పోయిండు.
గేమ్ ఇంట్ల సొరుగుల పడుంది.
బ్యాటరీ మొత్తం దిగి
లోపలి గడియారం సున్నాకొచ్చింది.

తిరిగొచ్చిన దినం, పట్టపగలు పన్నెండుకు,
వాడు తీగ తగిలిచ్చి ఆన్ చేసిండు.
దీవిల నడిరాత్రి.

బయట మెహదీపట్నం బస్సుల హారన్లు,
రేకుల మీద ఎండ చిటపట,
వాడు దుప్పటి కప్పుకొని ఆ చీకట్ల నడిచిండట.
తలుపులు కొట్టిండట, ఎవ్వరూ తియ్యలేదట.
రెండు దాకా కొండ వెనక కూసున్నడట.

ఆ రాత్రి నేను రెండింటికి ఆన్ చేసిన.
కండ్లు జిగేల్‌మన్నయ్.
ఎండ.
ఆ దీవికి ఇంత ఎండ ఉంటదని
వాడు చెప్పిండు గాని నేనెప్పుడు నమ్మిన?
ఒక గాడిద పడవెక్కనని మొండికేస్తున్నది,
పోరగాళ్లు చేపల గంప చుట్టు ఉరుకుతున్నరు,
రొట్టెలామె, నిజంగనే ఎర్ర రుమాలు,
నన్ను చూసి అన్నది:
"ఇయ్యాల ఇంత ఆలస్యమా?"
వాడనుకుంది.
నా వెనక, మండీ బల్బుల కింద,
ఎవరో "చిట్టీ! చిట్టీ!" అని మొత్తుకుంటున్నరు.
నేను రొట్టె కొన్న. పదిహేను గవ్వలు.

పొద్దున పోయేసరికి వాడు గడప మీదనే ఉన్నడు.
"పువ్వు చూసిన" అన్నడు, మెల్లగ.
"ఆమెను చూసిన" అన్న నేను.
కాసేపు ఏం మాట్లాడుకోలే.
మళ్ల వాడే అడిగిండు:
"అంత చీకటి ఉంటది గద మామా, నీకు భయం కాదా?"
దీవి గురించా, మండీ గురించా, నేను అడగలే.
"అలవాటైతది" అన్న.

గడియారం ఇంకా సరిచెయ్యలే.
సెలవులు అయిపోయేదాక ఉండనీ అన్నడు.
రొట్టె సంచిలనే ఉంది, తినబుద్ధి కాలే.
అక్కడ రొట్టె పాచిపోదని వాడే చెప్పిండు.
వాని పగటి సంగతులు
ఇప్పుడు నమ్ముతున్న.