రిమార్కుల గడి

పెదజాలరిపేటలో స్తంభాలకి ముందు తుప్పు పడుతుంది,
తర్వాత నంబరు పడుతుంది.
నంబర్లు వేసేది నేనే.
ఒక్కో స్తంభం మీద ఎన్ని కేబుళ్లో లెక్క తీస్తాను,
అద్దె కట్టినవాడి తీగకి పచ్చ టేపు,
కట్టనివాడి తీగకి కటింగ్ ప్లేయరు.

జోనల్ ఆఫీసులో ఫైలిస్తూ
సూపరింటెండెంటు దమయంతి గారు కళ్లజోడు పైకి తోసి
"అక్కడ చానల్ కూడా ఉందటయ్యా,
ఏం చూపిస్తున్నారో చూసి రాసుకురా" అన్నారు.
ఫిర్యాదు ఒకటే పేజీ.
సంతకం ఒక పెద్దమనిషిది.
ఎర్ర సిరాతో గీత గీసిన మాట:
రెచ్చగొట్టు ప్రసారం.

వలల షెడ్డు మీద మేడగది.
మెట్లకి రెయిలింగు లేదు, పాత తెడ్డు కట్టారు.
లోపల ఒక కంప్యూటరు, రెండు ఫ్యాన్లు.
మనుషులకొకటి, పెట్టెలకొకటి.
కొత్తది పెట్టెలదే.
ఒలిశెట్టి నూకరత్నం రేవు నుంచి తిన్నగా వచ్చింది,
చేతులు తుడుచుకుని లైసెన్సు చూపించింది.
లామినేషన్ మీద ఒక చేప పొలుసు అంటుకుంది,
సరిగ్గా గడువు తేదీ మీద.
"రెన్యూవల్‌కి ఇచ్చేం బాబూ, మీ కాడే ఉండిపోనాది."
మా దగ్గరే ఉంది. నాకు తెలుసు.
బీరువా ఎడమ పక్క, కింది అర.

టీవీలో కుళాయి.
వీధి కుళాయి, ఇత్తడి మూతి, మెడకి గుడ్డపీలిక.
పాట లేదు, మాట లేదు.
కింద అక్షరాలు పాకుతున్నాయి:
నీళ్ల సమయం ఆరున్నర నుంచి ఎనిమిది.
ఇప్పుడు ఏడూ పది.
మైలపల్లి దానయ్య పడవ తిరిగొచ్చింది, కంగారు పడకండి.
తప్పిపోయిన మేక దొరికింది, నల్లది, చెవికి కోత ఉంది.
ఇప్పుడు ఏడూ పదకొండు.
బిందెలు వరసలో ఉన్నాయి. మనుషులు లేరు.

"ఆళ్లంతా ఇళ్లకాడే ఉన్నారు, టీవీ సూస్తన్నారు.
నీరొస్తే పరిగెడతారు.
మునపటేల గంటన్నర నిలబడీవోళ్లం,
ఇప్పుడు మోకాళ్లు మిగిలినాయి."

ఫారంలో గళ్లు నాలుగు:
వార్తలు, సినిమా, భక్తి, ఇతరములు.
కుళాయి ఏ గడిలోకి వస్తుంది?
వార్తలంటే ఇంకో ఆఫీసు కాగితం అడుగుతారు.
భక్తి అని రాద్దామనుకున్నాను,
అంతమంది అంత ఓపిగ్గా చూస్తున్నారు కదా.
నవ్వొచ్చింది. డ్యూటీలో ఉన్నాను.

"మీ కౌన్సిల్ మీటింగు కూడా ఏసేం" అంది,
"అందరూ ఒక్కపాలే మాటాడేసినారు.
ఎవులికీ అర్థం కానేదు."

ఏడూ నలభైకి తెర మీద కుళాయి దగ్గింది.
గాలి. బుడగ. తుప్పు రంగు నీళ్లు దోసెడు.
మేడ కింద తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి.
ఒకే బిందె, ఒకే గాజుల చప్పుడు
నాకు రెండుసార్లు వినిపించింది,
కిటికీలోంచి ముందు,
తెర మీంచి కాస్త ఆలస్యంగా.

కిందకి దిగి కొలతల కర్ర నిలబెట్టాను.
రెండు వందల పన్నెండో స్తంభం నుంచి చానల్ తీగ
ఉండాల్సినదానికి రెండడుగులు కిందకి వేలాడుతోంది.
ఫిర్యాదులో లేని నిజం అదొక్కటే.
పచ్చ టేపు లేదు,
లారీలకి కనపడాలని ఎర్ర గుడ్డ కట్టుకున్నారు.
ప్లేయరు సంచిలో ఉంది.

అంతలో కొత్త ఫైబర్ బోటు ఒకటి
ట్రాలీ మీద సముద్రానికి బయల్దేరింది,
ముక్కుకి పసుపు ఇంకా తడిగానే ఉంది.
ముందు నడిచే కుర్రాడు నా చేతి వైపు చూసి
"సార్, ఆ కర్రతో తీగ కాస్త ఎత్తండి" అన్నాడు.
కార్పొరేషన్ కర్ర అది. అంకెలున్నది.
ఎత్తాను.

జేబులో ఫారం చెమటకి మెత్తబడుతోంది,
రిమార్కుల గడి ఖాళీ.
చేతులు లాగుతున్నాయి.
దించబోతుంటే
వెనకాల ఇంకోటి వస్తోందని ఎవరో అరిచారు.