పోరంబోకు

కాయితాల్లో దొణగుట్ట కిందుండే మూడు నూర్ల పదెకరాలు
పోరంబోకు.
బడి ఎగ్గొట్టి గొర్రెలెంట పోతే
మా నాయన నన్ను తిట్టే మాటా అదే.
అందుకే చిన్నప్పటి నుంచీ
ఆ నేలా నేనూ ఒకే ఇంటిపేరోళ్లం.

ఆటోలు ఎక్కువైనాక
కళ్యాణదుర్గం బస్టాండు కాడి జట్కాలు
పొయ్యిలో కట్టెలైనాయి.
గుర్రాల్ని పొయ్యిలో పెట్టలేరు గదా.
కళ్లెం ఊడబెరికి, చీకట్లో తోలుకొచ్చి
మా గుట్టకింద వదిలిపోయినారు.
మొదట రెండే. ఒక తెల్ల ఆడది, ఒక కుంటి మగది.
వాటికి పుట్టినోటికి కమ్చీ అంటే ఏందో తెలీదు,
మనిషి కేకేస్తే నిలబడాలనీ తెలీదు.
ఈ ఏటికి పదకొండు.

గొర్రెకు పైన పళ్లుండవు, మిగిల్చి తింటాది.
గుర్రానికి పైనా కిందా కత్తెరే,
మొదులు దాకా కొరికేస్తాది.
పంచాయితీలో ఈ మాట గట్టిగా అనింది నేనే.
నావి నూటనలభై ఉండాయి మరి.

బీటాఫీసరు ఇందుమతి, కొత్తపిల్ల,
చదరంగా కట్టిన కట్టెచట్రం నేలమీద పెట్టి
లోపలుండే బోదగడ్డిని కొడవలితో కోసి
బంగారం తూచినట్టు తూచింది.
"ఈ నేల నాలుగు నూర్ల గొర్రెల్ని మోస్తాది పెద్దాయనా.
మీ ఊరి మందలు పన్నెండు నూర్లు.
పదకొండు గుర్రాలు పోతే ఎంత మిగులుతాదో
మీరే చెప్పండి."
కరియప్ప వక్కాకు నమిలినాడు.
లింగమూర్తి ఫోను చూసుకున్నాడు.
లెక్క తేలింది మాత్రం గుర్రాల మీదనే.
ఇంటికి రెండు నూర్లు. లారీ మాట్లాడి
ఎల్ల దాటించి పావగడ పక్క వదిలేద్దామని.
నేనూ ఇచ్చినా. నలిగిన నోట్లు రెండు.

పట్టిచ్చేదానికి జట్కా హుసేనప్పను పిలిపించినారు.
ఎనభై ఏండ్లు. ఒక కంట్లో పొర.
గుట్టకింద నిలబడి, నాలిక అంగిలికి కొట్టి
టక్ టక్ మనిపించినాడు.
తెల్లది చెవులు నిక్కించింది.
రెండడుగులు ముందుకేసింది.
ఏం గుర్తొచ్చిందో, తిరిగి పోయింది.
"దానిదే న్యాయం" అన్నాడు హుసేనప్ప.
బస్సు ఛార్జీ గూడ అడగలేదు.

ఆ ఎండాకాలం బోరు గాలి కక్కింది.
తొట్టి అడుగున పాచి ఎండి పెంకు లేచింది.
నాలుగో పొద్దుకు గొర్రెలు
ఒకదాని కడుపు కింద ఇంకోటి తల దూర్చుకుని
కదలమని మొండికేసినాయి.
అప్పుడు వంకలో ఇసుక ఎగిరేది కనపడింది.

తెల్లది, ముసలిది, ముందుకాలితో తవ్వతాంది.
మోకాలు లోతు.
ఇంకొంచెం.
నిలబడి ఊపిరి తీసుకునింది. మళ్లీ తవ్వింది.
తడి ఊరింది. చెలమ.
అది తాగి, పిల్లలు తాగి, కుంటిది తాగి
పక్కకు జరిగినాయి.
నేను తోల్లేదు. నా గొర్రెలే పోయినాయి.
వాటి మధ్యన నేనూ వంగినా.
దోసిట్లో నీళ్లు, నీళ్లలో
తెల్ల వెంట్రుక ఒకటి.

లారీ వచ్చిన దినం "ఏ పక్క ఉండాయి?" అంటే
కట్టె ఎత్తి పడమటికి చూపించినా.
అవి తూర్పున ఉండాయి.

అబద్ధం చెప్తే గడ్డి పెరగదు.
ఆ పిల్ల లెక్క తప్పు గాదు,
అది తెలిసే ఆషాఢంలో నలభై గొర్రెల్ని సంతకు తోలినా.
ఇంట్లో రెండు దినాలు నాతో మాట్లాడలేదు.
కరియప్ప నవ్వినాడు:
"గుర్రాలకు మేత కొనిస్తివా యప్పా!"
మిగిలినోళ్ల మందలు మాత్రం అట్లనే ఉండాయి.

వానలు పడినాక ఇందుమతి మళ్లీ చట్రం తెచ్చింది.
కోసింది, తూచింది, రాసుకునింది.
"పోయినసారి కంటే?" అన్న్యా.
"పిడికెడు ఎక్కువ" అనింది, తల ఎత్తకుండానే.

గుట్ట మలుపులో
కొత్త కాళ్లు నాలుగు, ఇంకా సరిగ్గా నిలబడనివి,
పన్నెండోది,
ఆ పిడికెడు దిక్కే వస్తాంది.